చలి ఆపాలని గాలి ఆపకండి

ఇంగ్లండులో అక్టోబరు దాటిందంటే మన షేరింగ్ ఇళ్లలో ముందుగా జరిగే పని కిటికీ సందులకు టేపు అంటించడం. ఆ ఊపులోనే గోడకున్న జాలీ రంధ్రంలో పేపర్లు, పాత టీషర్టులు కుక్కేస్తాం. "చలంతా అందులోంచే వస్తోందన్నా" అంటారు తమ్ముళ్లు. నిజమే, వస్తుంది. కానీ ఆ రంధ్రం పెట్టింది గ్యాస్ హీటరుకు గాలి అందడానికి.

2006 చలికాలంలో ఈస్ట్ హామ్‌లో ఏడుగురం ఉన్న ఇంట్లో నేనూ ఇదే పని చేశాను. ముందు గదిలో పాతకాలపు గ్యాస్ ఫైర్, దాని వెనకే బాయిలర్. ఆ గదినే బెడ్‌రూమ్ చేసుకుని ముగ్గురం పడుకునేవాళ్లం. జనవరిలో పొద్దున లేస్తే తలనొప్పి, వికారం. నైట్ షిఫ్టుల వల్లేలే అనుకుని అమృతాంజనం రాసుకున్నాం. పనికెళ్లిన రెండు గంటలకు తగ్గేది, ఇంటికొచ్చి పడుకుంటే మళ్లీ మొదలు. ముగ్గురికీ ఒకేలా. మాలో ఒకతను మెట్ల దగ్గర కూలబడ్డాక గానీ సంగతి తెలియలేదు. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేసి కార్బన్ మోనాక్సైడ్ అన్నారు. చిమ్నీలో పావురాల గూడు. పైకి దారిలేక పొగ గదిలోకే దిగింది. గాలి వచ్చే దారి మూసింది మాత్రం మేమే.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే వచ్చే కంపు కూడా రాదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అంతకు 200 రెట్లు పైగా గట్టిగా అతుక్కుంటుంది. కేర్ హోముల్లో పనిచేసే వాళ్లకు ఒక మాట: వేలికి తగిలించే ఆక్సీమీటరు ఇలాంటప్పుడు కూడా 98 చూపించవచ్చు. దాన్ని నమ్మి ఊరుకోవద్దు.

ఇప్పటి బాయిలర్లు చాలావరకు బయటి గాలే తీసుకుని బయటికే వదులుతాయి. గోడ బయట గొట్టం నుంచి తెల్లటి ఆవిరి వస్తే కంగారక్కర్లేదు. దాని మూతికి అడ్డంగా పాత పరుపు నిలబెట్టారా, అదీ ప్రమాదం. పాత రకం గ్యాస్ ఫైర్ ఉన్న ఇంట్లో వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా పొగను చిమ్నీలోంచి వెనక్కి లాగగలదు. మెకానిక్ చెప్పేదాకా ఈ ముక్క నాకు తెలియదు.

చట్టం మన వైపే ఉంది. 1998 నిబంధనల ప్రకారం ఇంటి ఓనరు ఏటా గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉన్న ఇంజనీరుతో చెక్ చేయించాలి, 28 రోజుల్లో ఆ కాగితం మనకివ్వాలి. పడుకునే గదిలో, గదిలోని గాలి వాడుకునే 14 కిలోవాట్లు దాటిన హీటరు ఉండకూడదు. 2022 అక్టోబరు నుంచి ఇంగ్లండులో అద్దె ఇంట్లో బాయిలరున్న గదిలో అలారం తప్పనిసరి. గ్యాస్ స్టవ్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చారు, అది నాకు నచ్చలేదు.

అసలు చిక్కు మన మొహమాటం. ఓనరు మన తెలుగాయనే, కాగితం అడిగితే ఏమనుకుంటాడో! పైగా లెక్కకు మించి మనుషులున్నారు, చెకింగ్‌కు ఎవరైనా వస్తే గది పోతుందని భయం. ఆ భయం నాకూ ఉండేది కాబట్టి తప్పుపట్టను. కానీ ఏడుగురి దగ్గర అద్దె తీసుకునేవాడికి ఏడాదికో చెకింగ్ ఖర్చు భారమంటే నేనొప్పుకోను. అది చేయించేదాకా అలారమైనా మనమే కొనుక్కోవాలి. ఇరవై పౌండ్ల దగ్గర్లో దొరుకుతుంది, మనిషికి మూడు పౌండ్లు. రిమోట్‌లోకి దాని బ్యాటరీ పీకకండి.

అలారం మోగితే హీటరు ఆపి, తలుపులు తీసి, అందరూ బయటికొచ్చి 0800 111 999కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. ఆస్పత్రికి వెళ్తే ఉత్త తలనొప్పి అనకండి. "ఇంట్లో గ్యాస్ హీటరుంది, అందరికీ ఇలాగే ఉంది, బయటికెళ్తే తగ్గుతోంది" అని చెప్పండి. మేం మొదట జీపీ దగ్గర ఆ మాటే చెప్పలేదు, పారాసిటమాల్ రాసి పంపేశారు.