బూజు మందుకు జవాబుదారీ ఎవరు?

ఏ ఇంటి గోడల్లోనైనా నీరు ఎక్కువగా ఉండేది కట్టిన కొత్తలోనే. శ్లాబులో, ఇటుక కట్టుబడిలో, ప్లాస్టరింగ్‌లో కలిపిన నీరు, ఆపైన రోజుల తరబడి క్యూరింగ్‌కు కొట్టిన నీరు పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని ఆరని గోడ మీదే లప్పం పెట్టి రంగు వేసేస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది. తొలి వానాకాలం ముగిసేసరికి అల్మారా వెనక, బాత్‌రూమ్‌ను ఆనుకున్న గోడ మీద నల్లమచ్చలు తేలతాయి. ఈ బెడదకు విరుగుడంటూ యాంటీ ఫంగల్ రంగులు, గోడకు కొట్టే స్ప్రేలు, గదినంతా మందు తుంపరలతో నింపే ఫాగింగ్, ఏళ్ల తరబడి గ్యారంటీ ఇచ్చే పూతలు మార్కెట్లోకి వచ్చాయి. వీటి ధర, గ్యారంటీ గురించి అందరూ అడుగుతారు. మనుషులు పడుకునే గదిలో ఈ పదార్థం వాడవచ్చని ఎవరు పరీక్షించారు, ఎవరు అనుమతించారు అని అడిగేవాళ్లు అరుదు. ముందు అడగాల్సింది అదే.

బూజు ఒక జీవి. దాన్ని చంపేది ఏదైనా ఎంతో కొంత విషమే. అది ఎంత మోతాదులో, ఎలాంటి గదిలో, ఎంతకాలం మన దగ్గర ఉంటుందన్నదాన్ని బట్టే ప్రమాదం. 1989 ఆగస్టులో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో నాలుగేళ్ల బాలుడు కాళ్ల నొప్పులు, విపరీతమైన చెమటలు, నిద్రలేమితో జబ్బు పడ్డాడు. ఒంట్లో పాదరసం చేరిందని పరీక్షల్లో తేలింది. కొద్ది రోజుల ముందే ఆ ఇంటి లోపల 64 లీటర్ల రంగు వేశారు. రంగుకు బూజు పట్టకుండా అందులో పాదరస సమ్మేళనం కలిపి ఉంది. పది లక్షల పాళ్లలో 300 పాళ్లకు మించరాదన్నది పరిమితి, ఆ రంగులో ఉన్నది 930కి పైమాటే. వేసవి కావడంతో ఏసీ వేసుకుని కిటికీలు మూసి ఉంచారు. గోడ నుంచి ఆవిరైన పాదరసం బయటికి పోయే దారి లేక గదిలోనే నిలిచింది. బూజు పట్టకూడదని వేసిన రంగే పిల్లవాణ్ణి ఆసుపత్రి పాలు చేసింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఆ పాదరస సమ్మేళనం చాటుమాటుగా అమ్మిన సరుకు కాదు, అమెరికా ప్రభుత్వం దగ్గర నమోదైన మందే. అలాంటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరుకు విలువేముందని ఎవరైనా అడగవచ్చు. ప్రమాదమే జరగదని ఆ నంబరు హామీ ఇవ్వదు, నిజమే. కానీ అది ఉన్నందువల్లే పరిమితి దాటిందని చెప్పడానికి ఒక కొలత ఉంది, రద్దు చేయడానికి ఒక అనుమతి ఉంది. ఏడాది తిరిగేసరికి, 1990 ఆగస్టు నుంచి, ఇంటి లోపల వేసే నీటి ఆధారిత రంగుల తయారీలో పాదరసం వాడకాన్ని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఆపించింది. దక్షిణ కొరియా అనుభవం దీనికి పూర్తిగా భిన్నం. గది గాలిలోకి తేమ వదిలే హ్యుమిడిఫయర్ తొట్టిలో క్రిములు పెరగకుండా కలిపే ద్రావణాలను 1994 నుంచి అక్కడి దుకాణాల్లో మామూలు సరుకులాగే అమ్మారు. తుంపరగా పీల్చితే ఊపిరితిత్తులు ఏమవుతాయో సరిగా పరీక్షించనే లేదు. 2011లో గర్భిణులు, బాలింతలు అంతుపట్టని ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రుల్లో చేరాక గానీ కారణం బయటపడలేదు. ఆలోగా వందలాది ప్రాణాలు పోయాయి. ఇలాంటి క్రిమినాశకాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసే చట్టం అక్కడ 2019లో అమల్లోకి వచ్చింది. మూసిన గదిలో ఫాగింగ్ చేయించే ముందు తలచుకోవాల్సిన ఉదంతం ఇది.

మన దగ్గర 1968 నాటి పురుగుమందుల చట్టం ఉంది. దాని పరిధిలో చేర్చిన శిలీంద్రనాశకాలను కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ దగ్గర నమోదు చేయకుండా అమ్మకూడదు. డబ్బా మీద నమోదు నంబరు, విష తీవ్రతను చెప్పే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తుల్లో ఒకటి ఉండాలి. మన రైతులకు ఈ రంగులు బాగా తెలుసు. ఫ్లాటు కొనేవారే వాటి కోసం వెతకరు. అయితే నంబరు కనిపించడంతోనే సరిపోదు. ఏ పంటకు, ఏ చోట, ఎంత మోతాదులో అన్నది కూడా ఆ అనుమతిలో భాగమే. మిరప తోటకు నమోదైన మందు పడకగదికి నమోదైనట్టు కాదు. ఇక రంగుల సంగతి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటరాదని 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది. అదే శ్రద్ధ బూజునాశకాల మీదా పెట్టాలి. 'యాంటీ ఫంగల్' అని పెద్దక్షరాల్లో అచ్చువేసే కంపెనీ, అందులో కలిపిన మందు పేరు, పాళ్లు కూడా అదే డబ్బా మీద అచ్చువేసేలా నిబంధన రావాలి. రంగు పొరకు బూజు పట్టదన్న మాట వేరు, ఇంటివాళ్ల ఆరోగ్యాన్ని కాపాడుతుందన్న మాట వేరు. అమెరికాలో రెండో మాట చెప్పాలంటే ఆ ఉత్పత్తిని విడిగా నమోదు చేయించుకోవాల్సిందే. టెక్సస్‌లోనో నార్త్ కరోలినాలోనో కొత్త ఇల్లు కొనే మనవాళ్లు లేబుల్ మీద ఈపీఏ నంబరు చూసి తీరాలి.

రసాయనాలెందుకు, సహజమైనవి వాడితే పోదా అంటారు కొందరు. సహజమైనదైనా బూజును చంపుతుందని చెప్పుకుంటే దానికీ పరీక్ష ఉండాల్సిందే. ఇంట్లో ఉన్న బ్లీచింగ్‌తో సరిపెట్టుకుందామనుకునే వాళ్లకు ఒక హెచ్చరిక: దాన్ని బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది.

అసలు మందు అవసరం రాకుండా చూసుకోవడమే మేలు. తేమను అదుపు చేయడమే బూజు నివారణకు కీలకమని ఈపీఏ చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల సారమూ అదే. విశాఖలో, కాకినాడలో గాలిలోనే తేమ ఉంటుంది కదా, మందు లేకుండా ఎలా అని అడగవచ్చు. గాలి తేమను మనం మార్చలేం. కానీ బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్, గోడకు ఎడంగా జరిపిన బీరువా, నీరు నిలవని టెర్రస్ వాటం, పగుళ్లు పూడ్చిన బయటి గోడ మన చేతిలో ఉన్నవే. లీకేజీ ఆపకుండా వేసే మందు మచ్చను కప్పుతుంది, చెమ్మను వదిలేస్తుంది. పైగా ఆ లీకేజీ బాధ్యత చాలాసార్లు కొన్నవారిది కాదు. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు పనితనంలో లోపం బయటపడితే తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. కాబట్టి గోడ చెమ్మగిల్లితే రంగుల దుకాణానికి వెళ్లే ముందు ఫొటోలు తీసి, తేదీ వేసి, బిల్డరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. స్పందించకపోతే రెరా అథారిటీని ఆశ్రయించండి.