డాక్టరు పేరు సరే, నర్సు శిక్షణ మాటేమిటి?

ఐవీఎఫ్ కోసం సెలవు పెట్టి హైదరాబాదుకో విజయవాడకో వెళ్ళే మనవాళ్ళు డాక్టరు పేరు, ప్యాకేజీ ధర అడుగుతారు. నర్సు గురించి అడగరు. అండాల సేకరణకు సుమారు 36 గంటల ముందు తీసుకునే ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేళ తప్పితే ఆ నెల శ్రమంతా వృథా కావచ్చు. ఆ ఇంజెక్షన్ నేర్పేదీ, పొట్ట ఉబ్బి ఆయాసం వస్తే ముందుగా ఫోనెత్తేదీ చాలాచోట్ల నర్సే.

బ్రిటన్‌లో 1991 నుంచి హెచ్ఎఫ్ఈఏ క్లినిక్‌లను తనిఖీ చేస్తోంది. నమూనా ఎవరిదో తేల్చడానికి అక్కడ ఒక్కరి మాట చాలదు, సాక్ష్యం ఉండాలి.

మన దేశంలో 2021 చట్టం క్లినిక్‌ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ గోడమీది సర్టిఫికెట్ నర్సు చేతికి నేర్పు ఇవ్వదు. ప్రత్యేక శిక్షణ, ఏటా నైపుణ్య పరీక్ష రిజిస్ట్రేషన్ షరతులు కావాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ గట్టిగా అడుగుదాం. డబ్బు కట్టే ముందు మీరూ అడగండి: "ఈ సిస్టర్ ఎక్కడ శిక్షణ పొందారు?"