సినిమా బానే నడుస్తోంది.. గల్ఫ్ కాల్ ఎందుకు తెగుతోంది?

మన్నెగూడ: రాత్రి తొమ్మిదిన్నర. టీవీలో సినిమా ఎక్కడా ఆగడం లేదు. స్పీడ్ టెస్ట్ కొడితే ప్లాన్‌లో చెప్పిన స్పీడే చూపిస్తోంది. కానీ జెద్దాలో ఉన్న అబ్బాకు వీడియో కాల్ చేస్తే ముఖం గళ్లు గళ్లుగా మారుతుంది, మాట సగంలో తెగుతుంది. సాగర్ రోడ్డు వెంబడి కాలనీలు పెరుగుతున్న కొద్దీ ఇలాంటి ఇబ్బంది ఎక్కువయ్యే అవకాశం ఉంది. దీనికి కారణం చాలాసార్లు ఇంట్లోని రూటర్ కాదు, ప్రొవైడర్ వేసుకున్న లెక్క.

ఆ లెక్కలో కీలకమైంది క్యాష్. పేరు అదే అయినా నోట్లతో దీనికి సంబంధం లేదు. కిరాణా కొట్టువాడు ప్రతి కిలో చక్కెరకూ బేగం బజార్‌కు పరుగెత్తడు, ముందే బస్తా తెచ్చి పెట్టుకుంటాడు. నెట్ ప్రొవైడర్ కూడా జనం ఎక్కువగా చూసే వీడియోల కాపీలను తన దగ్గరి సర్వర్లలో ఉంచుకుంటాడు. గూగుల్ గ్లోబల్ క్యాష్, 2012లో మొదలైన నెట్‌ఫ్లిక్స్ ఓపెన్ కనెక్ట్ ఇలాంటివే. తగినంత ట్రాఫిక్ ఉన్న ప్రొవైడర్లకు ఆ కంపెనీలు సర్వర్లను ఉచితంగానే ఇస్తాయి. స్థలం, కరెంటు ప్రొవైడర్ చూసుకోవాలి.

ఒకప్పుడు ప్రొవైడర్లు స్క్విడ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో సొంత క్యాష్ నడుపుకునేవారు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ ఎన్‌క్రిప్ట్ అయ్యాయి కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. కంపెనీ సర్వర్ దక్కని చిన్న ప్రొవైడర్ పెద్ద ప్రొవైడర్ మీదో, హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉన్న నిక్సీ లాంటి ఎక్స్ఛేంజ్ మీదో ఆధారపడాలి.

లెక్క ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. 2,000 కనెక్షన్లు ఉన్నాయి, రద్దీ వేళ ఒక్కోదానికి సగటున 2 ఎంబీపీఎస్ వాడకం అనుకుందాం. మొత్తం 4 జీబీపీఎస్. అందులో 60 శాతం క్యాష్ నుంచి వస్తే బయటి నుంచి రావాల్సింది 1.6 జీబీపీఎస్. 2 జీబీపీఎస్ లింకు కొంటే అందులో 80 శాతం నిండుతుంది. రద్దీ వేళల్లో లింకు వాడకానికి ట్రాయ్ పెట్టిన హద్దు కూడా 80 శాతమే.

ఏడాదిలో కనెక్షన్లు 3,000 అయ్యాయనుకోండి. బయటి అవసరం 2.4 జీబీపీఎస్‌కు చేరుతుంది, లింకు మాత్రం అదే 2. సినిమా దగ్గరి క్యాష్ నుంచి వస్తుంది కాబట్టి దానికేమీ కాదు. స్పీడ్ టెస్ట్ సర్వర్ తరచూ ఊళ్లోనే, ఒక్కోసారి ప్రొవైడర్ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది కాబట్టి అదీ బాగానే వస్తుంది. దెబ్బ పడేది కాల్ మీదే. లక్షల మంది చూసే మక్కా తరావీహ్ లైవ్ అయినా ఒక కాపీ తెచ్చుకుని అందరికీ పంచొచ్చు. అబ్బా మాట అలా కాదు, అది అప్పటికప్పుడు పుట్టి ఒక్క ఇంటికే రావాలి. దాన్ని ముందే తెచ్చి దాచుకోలేరు. ఇక క్యాష్ సర్వర్ ఏదో రాత్రి చెడిపోతే మొత్తం భారం ఆ లింకు మీదే పడుతుంది.

అన్ని తప్పులూ ప్రొవైడర్‌వే కావు. 2025 సెప్టెంబర్‌లో జెద్దా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు భారత్, పాకిస్తాన్, గల్ఫ్ దేశాల్లో నెట్ నెమ్మదించింది. అయితే అలాంటివి ఎప్పుడో జరుగుతాయి. ప్రతి రాత్రీ ఒకే వేళకు కాల్ తెగుతుంటే మాత్రం అనుమానించాల్సింది లింకునే.

అందుకే ఏడాది ప్లాన్‌కు ఒకేసారి డబ్బు కట్టేముందు ఎంబీపీఎస్ ఒక్కటే చూస్తే సరిపోదు. రాత్రి తొమ్మిదికి బయటి లింకు ఎంత నిండుతోంది? కనెక్షన్లు పెరిగితే లింకు ఎప్పుడు పెంచుతారు? ఈ రెండూ అడగాలి. వీలైతే మొదట ఒక నెల ప్లాన్ తీసుకుని, రద్దీ వేళలోనే గల్ఫ్‌కు కాల్ చేసి చూసుకోవాలి. దూరాన ఉన్నవారి గొంతు వినడానికే నెట్ పెట్టించుకున్న ఇంటికి అసలైన స్పీడ్ టెస్ట్ అదే.