కలము, తెర, గోపీచంద్

సాహిత్యకారుడు చలనచిత్ర రంగంలో అడుగు పెట్టగానే సాహిత్యానికి దూరమైనాడని తలపోయడం మనలో పలువురికి అలవాటైపోయినది. ఫ్రెంచివారు మాత్రం నాటకకర్తగా కీర్తి గడించి, తన రచనలను తానే తెరపైకి తెచ్చిన మార్సెల్ పాన్యోల్‌ను 1946లో తమ అకాడమీకి ఎన్నుకొన్నారు. కవియు, చిత్రదర్శకుడును అయిన జాఁ కాక్తోకు 1955లో అదే గౌరవం దక్కినది. తెరకు వ్రాసినందువలన వారి కలానికి మైల అంటినదని అక్కడి విజ్ఞులు భావింపలేదు.

అట్టి ద్విముఖ ప్రతిభ మన కృష్ణా డెల్టాకు కొత్త కాదు. పెదపారుపూడి, గుడివాడ ప్రాంతపు మాగాణుల నడుమనున్న అంగలూరులో 1910 సెప్టెంబరు 8న జన్మించిన త్రిపురనేని గోపీచంద్ కథకుడు, నవలాకారుడు, చిత్రరచయిత, దర్శకుడు. ఆయన తండ్రి కవిరాజు రామస్వామి చౌదరి; పురాణాలను సైతం తర్కానికి నిలబెట్టిన ధీశాలి. ప్రతి విశ్వాసాన్నీ ఎందుకని ప్రశ్నించే గుణం గోపీచంద్‌కు ఆ యింటనే అలవడినది. తరువాత ఎం.ఎన్. రాయ్ మానవవాదం ఆయనను ఆకర్షించినది. తుదకు అరవిందుని తాత్త్విక చింతన వైపు మొగ్గినారు. ఆయన మార్గం మారినదే గాని అన్వేషణ ఆగలేదు.

ఆయన చలనచిత్ర రంగ ప్రవేశం గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వాన 1939లో వెలువడిన ‘రైతుబిడ్డ’తో జరిగినది. జమీందారీ దౌష్ట్యాన్ని తూర్పారబట్టిన ఆ చిత్రాన్ని నిర్మించిన సారథి సంస్థకు చల్లపల్లి జమీందారే అండగా నిలవడం చరిత్రలోని ఒక వింత. 1946లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ‘గృహప్రవేశం’ రచన గోపీచంద్‌దే. పిమ్మట ‘లక్ష్మమ్మ’ (1950), ‘పేరంటాలు’ (1951), ‘ప్రియురాలు’ (1952) చిత్రాలకు ఆయనే దర్శకత్వం వహించినారు. కొంగర జగ్గయ్యను తెరకు పరిచయం చేసినది ‘ప్రియురాలే’.

దర్శకునిగా గోపీచంద్ పొందిన స్థానం నవలాకారునిగా పొందిన దానికి సాటి రాదన్నది నిజం. ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు అంతరంగాన్ని పొర పొరగా విప్పిన ఆ కలానికి, అంతా పైకి కనబడవలసిన తెర ఇరుకై తోచియుండవచ్చును. అయినను, పాత్రను పలుకు ద్వారా పట్టియిచ్చే సాధనలో రెండు రంగాలూ ఒకదాని కొకటి తోడ్పడినవా అన్నది పరిశీలింపదగిన విషయం. 1962లో ఆయన కన్నుమూసిన మరుసటి యేట ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం లభించినది. ఆ గౌరవం పొందిన మొదటి తెలుగు నవల అదే.

నవలలు గ్రంథాలయాలలో నిలిచినవి. మరి చిత్రరచనల మాట? ముద్రణకు నోచని సంభాషణ ప్రతి కాలగర్భంలో కలిసిపోతే దానిని తిరిగి సంపాదించుకొనే దారి లేదు. చిత్రాలను భద్రపరచడానికి 1964లో పుణేలో జాతీయ సంస్థ వెలసినది. కాని కాగితంపైని మాటను కాపాడవలసిన పూచీ భాషాభిమానులది, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలది. గోపీచంద్ రచనను రెండుగా చీల్చి, ఒక సగాన్ని సాహిత్యమనీ, రెండవ సగాన్ని వ్యాపారమనీ అనుకొన్నంత కాలం ఆయనను మనం సగమే చదివినవార మవుతాము. అంగలూరు మనకిచ్చినది సగం రచయితను కాదు.