ఇంటి మరమ్మతుకు తీసుకున్న చేబదులు

పక్క వీధి ఆవిడ కూరల సంచీలోంచి తీసి నా ముందు పెట్టినవి రెండు కాగితాలు. ఒకటి దుర్గ్ వకీలు పంపిన నోటీసు. రెండోది యాభై రూపాయల స్టాంపు కాగితానికి జిరాక్సు. హిందీలో ఉంది, చదివి చెప్పమంది. ‘ఇంటి మరమ్మతు నిమిత్తం 2,40,000 రూపాయలు చేబదులుగా పుచ్చుకున్నాను’ అని ఉంది. కింద ఆవిడ కొడుకు సంతకం.

తలెత్తి వాళ్ల ఇంటి వైపు చూశాను. రేకుల మీద నీలం టార్పాలిన్, అది ఎగిరిపోకుండా ఇటుకలు. మూడు వానాకాలాలుగా అదే టార్పాలిన్.

“మరమ్మతు ఎప్పుడు చేయించారమ్మా?”

“అదే నాకూ తెలీడం లేదు అన్నయ్యా,” అంది.

భిలాయి ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్లలో ముప్ఫయ్యారేళ్లు చేసి రిటైరైనవాణ్ణి. టెక్కలి నుంచి నాన్న వెంట వచ్చి హిందీ బళ్లో చదివాను కాబట్టి ఇక్కడ ఖుర్సీపార్‌లో మనవాళ్లు అర్జీలకీ బ్యాంకు కాగితాలకీ నా గుమ్మం ఎక్కుతుంటారు. ఈ మధ్య వచ్చేవాటిలో ఇలాంటి ‘మరమ్మతులు’ ఎక్కువయ్యాయి.

ఆ అబ్బాయి ఎవరి దగ్గరా పైసా అప్పు తీసుకోలేదు. ప్లాంటులో ఠేకా పని. ఐపీఎల్ రోజుల్లో ఒకడు వాట్సాప్‌లో బెట్టింగ్ ఐడీ ఇచ్చాడు. ముందు డబ్బు కట్టక్కర్లేదు, పాయింట్లు ఎక్కిస్తాడు, సోమవారం లెక్క. ఓడింది పేరుకున్నాక ఐడీ ఇచ్చినవాడు ఇంటి ముందుకొచ్చి అరవలేదు. దుర్గ్ కచేరీ బయట టీ తాగించి, స్టాంపు కాగితం మీద ఒక సంతకం, రెండు ఖాళీ చెక్కుల మీద రెండు సంతకాలు పెట్టించుకున్నాడు. ‘భరోసాకి’ అన్నాట్ట.

ఐడీ అంటే భిలాయిలో ఇప్పుడు ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఇక్కడ జ్యూస్ దుకాణం నడిపిన సౌరభ్ చంద్రాకర్, అతని జతగాడు రవి ఉప్పల్ దుబాయ్‌లో కూర్చుని మహాదేవ్ బెట్టింగ్ యాప్ నడిపారన్నది ఈడీ అభియోగం. లాభంలో 70–30 వాటాల మీద ప్యానెళ్లు, అంటే శాఖలు, పంచారనీ, 2023 ఫిబ్రవరిలో ఎమిరేట్స్‌లో చంద్రాకర్ పెళ్లికి 200 కోట్ల నగదు ఖర్చయిందనీ అదే ఈడీ చెప్పింది. ఆ ఏడు నవంబరులో కేంద్రం మహాదేవ్‌తో సహా 22 యాప్‌లు, సైట్లు మూయించింది. పేపర్లు పెళ్లి గురించి బోలెడు రాశాయి. బాకీపడ్డవాళ్ల గురించి రాసింది నాకు పెద్దగా కనబడలేదు.

చట్టం చూస్తే బాకీదారుకే అనుకూలం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచినవాడు ఆ సొమ్ము కోసం దావా వెయ్యడానికి వీల్లేదు. అమెరికాలో నెవాడా రాష్ట్రం సంగతి వేరు. అక్కడ కాసినోలో అరువు తీసుకుని సంతకం పెట్టే ‘మార్కర్’ చెక్కుతో సమానం. అది చెల్లకపోతే క్రిమినల్ కేసే. ఖుర్సీపార్‌లో అలాంటి చట్టం లేదు. లేదు కాబట్టే జూదం బాకీకి ఇంటి మరమ్మతు అని పేరు పెడతారు.

పేరు మారాక కథే మారిపోతుంది. చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే కేసు, రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. చట్టబద్ధమైన బాకీ కోసం ఇచ్చిన చెక్కుకే ఇది వర్తిస్తుంది, నిజమే. కానీ సంతకం నీదైతే బాకీ ఉన్నట్టే కోర్టు మొదట అనుకుంటుంది. లేదని చూపించుకోవలసింది నువ్వు. ఖాళీ చెక్కు ఇచ్చినా అంతేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. పాయింట్లు ఎక్కించిన వాట్సాప్ చాట్ చెరిపేసుకున్న కుర్రాడు ఏం చూపిస్తాడు?

ఇంకో మెలిక ఉంది. 1959లో ఘేరూలాల్ పరఖ్ వర్సెస్ మహదేవదాస్ మయ్యా కేసులో (పేరులో మహాదేవుడు అక్కడా ఉన్నాడు!) సుప్రీంకోర్టు పందెం చెల్లదే గానీ చట్టవిరుద్ధం కాదంది. దానికి అనుబంధంగా చేసుకున్న ఒప్పందాలు చెల్లుతాయంది. అంటే ఐడీవాడు దావా వెయ్యలేడు. వాడికి కట్టమని అప్పిచ్చిన వడ్డీవాడు వెయ్యగలడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగేవాళ్లయితే? 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ పార్లమెంటు నిషేధించింది. ఆడినవాడికి శిక్ష లేదు, ఆడించినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. మంచి పనే. ఆట నడపడమే నేరమయ్యాక దాని కోసం ఇచ్చిన అప్పు ఇంకా ఎందుకు చెల్లాలి? 1959 నాటి మాటను ఈ బాకీలకు అలాగే అతికించకూడదని నా వాదన.

ఇరవై వేలు, ఆపైన అప్పు నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం అంటుంది. దాన్ని మీరినంత మాత్రాన బాకీ పోదని సుప్రీంకోర్టు 2025లో తేల్చింది. సరే, పోనక్కర్లేదు. ఆ 2,40,000 ఏ ఖాతాలోంచి తీశావు, ఏ రోజు ఇచ్చావు, ఇచ్చేటంత రాబడి నీకెక్కడిది అని ఫిర్యాదీని మొదటి వాయిదాలోనే అడగొచ్చు కదా. చెక్కు కేసుల్లో ఈ మూడు ప్రశ్నలూ తప్పనిసరి చెయ్యాలి.

బాకీ కింద ఖాతా ఇచ్చెయ్యమనేవాళ్లూ ఉన్నారు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ వాళ్ల చేతిలో పెడితే నెలకింత తగ్గిస్తామంటారు. తల్లిదండ్రులకు చెప్పేదొక్కటే. బంగారమైనా అమ్ముకోండి గానీ ఖాతా ఇవ్వకండి. చెక్కు లేని బాకీ అయితే సివిల్ గొడవ. ఆ ఖాతాలోంచి ఎవరి సొమ్మో పారిందంటే పోలీసులు ముందొచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో ఆ ఇంటికే.

నోటీసుకు జవాబు వకీలు చేత ఇప్పిద్దామన్నాను. దానికి లెక్క కావాలి. ఆదివారం కుర్రాణ్ణి కూర్చోబెట్టి, ఫోన్‌పేలో ఆ నంబరుకు వెళ్లినవి, వచ్చినవి మొదటి నుంచీ చదవమన్నాను. నేను తారీఖులు వేసి రాస్తున్నాను. మొదటిది వెళ్లింది కాదు, వచ్చింది. 1,800.

“ఇదేం చేశావురా?”

వాడు మాట్లాడలేదు. లోపలికి చూశాడు. పొయ్యి దగ్గర కుక్కరు మూత తిప్పుతున్న వాళ్లమ్మ చెయ్యి ఆగింది.

“మొదటి బోనస్ అన్నావు కదరా,” అంది.