బంగారు చేప ఆకలి

గాజుతొట్టిలోని బంగారు చేప మన నీడ కనబడినంతనే నోరు తెఱచుచు పైకి వచ్చును. మనస్సు కరగి చిటికెడు మేత వేయుదుము. పెక్కుసార్లు అది అలవాటేగాని ఆకలి కాదు. ఈ చేపకు జీర్ణాశయము లేదు. తిన్నది నేరుగా ప్రేగులోనికి పోవును. ఒక్కసారి నిండుగా తిని నిలువచేసికొనలేదు.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఇట్టి తొట్టి యొకటి యుండెడిది. ప్రతి తరగతి పిల్లలును దయతో మరమరాలు వేసిరి. మిగిలినవి క్రుళ్ళి నీటిలో అమ్మోనియా పెరిగెను. వారము తిరుగక మునుపే నాలుగు చేపలును చచ్చి తేలినవి. పిల్లల నేమనగలను? మేత డబ్బాను అందఱికి అందునట్లు ఉంచినవాడను నేనే.

పిల్లచేప త్వరగా ఎదుగును గనుక దినమునకు మూడు నాలుగు మారులు మెత్తని పొడి నలుసంత వేయవలెను. పెరిగినకొలది ఒకటి రెండు మారులకు తగ్గింపవలెను. పలుకులు కొంచెము పెద్దవి కావచ్చును. రెండు మూడు నిమిషములలో తిని ముగించినంత చాలును. నీరు చల్లబడినప్పుడు అరుగుదల మందగించును. అప్పుడు ఇంకను తక్కువ.

ఇంటిలో మేత వేయు చేయి ఒక్కటే యుండవలెనని నా అభిప్రాయము. అమ్మ వేసినది తమ్ముడెఱుగడు, తమ్ముడు వేసినది తాత యెఱుగడు. అది కుదురనిచో తొట్టిప్రక్క పలక నుంచి, వేసినప్పుడెల్ల ఒక గీత గీయుడు. నాటి గీతలు నిండినచో డబ్బా మూత తీయకుడు.