ఇసుక భక్తి

2024 డిసెంబర్ 4న ములుగు నేల 5.3 తీవ్రతతో కంపించింది. రామప్పగుడి నిలిచింది. ఇక చూడండి మనవాళ్ల ఉత్సాహం! 1213 నాటి పునాదికింద వున్న ఇసుకే కంపాన్ని మింగిందట. మనం చేయవలసిందేమీ లేదట! నా తరగతిలో ఒక విద్యార్థి యీ మాటే అప్పజెప్పాడు. సిగ్గుపడ్డాను. ఆ పాఠం నేర్పింది మేమే గదా!

ఒక మోస్తరు కంపానికి నిలవడం అన్ని కంపాలకూ హామీ కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం కిందా ఇసుకే. అయినా అది కుంగింది. రాయి రాయిగా విప్పి, మళ్లీ పేర్చి, తెరిచేసరికి 2024 వచ్చింది. ఇసుక తన ధర్మాన్ని బట్టి పనిచేస్తుంది గాని కాకతీయుల కీర్తిని బట్టి కాదు. నీరు దాన్ని కోసుకుపోతే స్తంభం వొరుగుతుంది. వొరిగినదాన్ని పడగొట్టడానికి చిన్న కుదుపు చాలు.

2015లో ఖాట్మండూ కాష్ఠమండపం కూలింది. తవ్వి చూస్తే పునాది గట్టిదే; ఒక ముఖ్యస్తంభానికీ పునాదిరాయికీ పొత్తు లేదు. లోపం పూర్వులది కాదు, తర్వాత మరమ్మతు చేసినవారిది.

ఏటా వొరుగు కొలవండి. వాననీటిని మళ్లించండి. సడలిన రాళ్లను బిగించండి. ఆనాటి శిల్పికి జేజేలు కొట్టడం సులభం. ఈనాటి తాపీపనివాడికి శిక్షణా, జీతమూ యిమ్మని అడగడమే కష్టం. మనం అడగవలసింది అదే.